నేలచూపుల మనిషి

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే నేను ఎత్తను. అందులో ఇండియా నంబరైతే అసలే ఎత్తను. వీసా ఇప్పించమనే దూరపు చుట్టాలో, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఓటీపీ అడిగే ఘనులో అయి ఉంటారు. మొన్న మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి, బర్ దుబాయ్‌లోని మా ఫ్లాట్ గుమ్మంలో బూట్లు విప్పుతుంటే అలాంటి నంబరొకటి మూడోసారి మోగింది. ఇంత ఓపికున్న మోసగాడెవడో చూద్దామని ఎత్తాను.

ఆడపిల్ల గొంతు. జగిత్యాల దగ్గర ఒక పల్లె నుంచి మాట్లాడుతున్నానంది. వాళ్ల నాన్న పోయి పదకొండు రోజులైందని, ఆయన ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ వరసగా చేసి చెబుతున్నానని అంది. పేరు కూడా చెప్పింది గానీ నాకు తట్టలేదు. ఆయన్ని మేమెవరం పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "దుబాయ్‌ల సిస్టర్ల వ్యాను తోలెటోడు మేడం" అన్నాక గానీ మనిషి కళ్ల ముందుకు రాలేదు. అయ్యో అన్నాను. గుండెపోటా, ముందు నుంచీ ఏమైనా జబ్బుందా అని నర్సులు అడిగే ప్రశ్నలే అడిగాను. నిద్రలోనే పోయాడట.

"మేడం, మీ గురించి ఒక మాట అడగాలె. ఏమనుకోవద్దు. మా బాపు ఫోన్ల..." అని ఆ పిల్ల మొదలుపెట్టేసరికి, డ్యూటీలో ఉన్నాను, తర్వాత చేస్తానని చెప్పి పెట్టేశాను. అప్పటికి ఒక కాలి బూటు ఇంకా విప్పనేలేదు.

పోయిన మనిషి కోసం ముందు బాధ కలగాలి. నాకు ముందు కలిగింది భయం. చెప్పేశాడా? నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం నేను ఆయనతో ఆడిన ఒక అబద్ధం ఉంది. అది మా ఆయనకు తెలియదు, మా అత్తగారికి తెలియదు, ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో ఆ మా పాపకే తెలియదు. తెలిస్తే గిలిస్తే ఆయన ఒక్కడికే తెలియాలి. ఎంతవరకు తెలుసో ఆయన ఏనాడూ బయటపడలేదు. పోయే ముందు కూతురికి చెప్పి పోయాడేమో, ఇప్పుడా పిల్ల మా ఇంట్లో నిప్పు పెట్టబోతోందేమో అనే అనుమానంతో రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ నంబరు మళ్లీ మోగింది. నేను ఎత్తలేదు.

ఆయన మనుషుల ముఖాలు చూసేవాడు కాదు. పొద్దున్నే ఆరు కాకముందే మా భవనం వెనక ఇసుక ఖాళీ స్థలంలో ఆస్పత్రి వ్యాను ఆపుకుని, తలుపు తెరిచి, ఒక కాలు లోపల, ఒక కాలు నేల మీద పెట్టి కూర్చునేవాడు. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. మేం ఎనిమిది మంది నర్సులం ఎక్కుతుంటే తలెత్తకుండా కాళ్లు లెక్కపెట్టేవాడు. అందరివీ ఆస్పత్రి ఇచ్చిన తెల్ల బూట్లే. అయినా వెనక్కి తిరగకుండా "కొట్టాయం సిస్టరమ్మ రాలే" అనేవాడు. చూస్తే నిజంగానే ఆవిడ ఉండేది కాదు. ఒకరోజు "ఆమె అచ్చింది, మల్ల ఇంట్లకు వోయింది, ఏదో యాదిమరిచినట్టున్నది" అన్నాడు. రెండు నిమిషాలకు ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని రొప్పుతూ వచ్చింది. మలయాళీ అమ్మాయిలకు అదో వినోదం. ఈయనకు అరికాళ్లలో కళ్లున్నాయని హిందీలో ఆటపట్టించేవారు.

నాకు నవ్వు రాలేదు. ఆడవాళ్ల కాళ్ల వంక పొద్దున్నే అంతసేపు చూసే మగాడికి ఏం పనుంటుంది? నేను ఎక్కేటప్పుడు ప్యాంటు అంచులు కిందికి లాక్కుని ఎక్కేదాన్ని.

దీన్ని మించింది ఇంకొకటుంది. బండి ఆపగానే దిగి, కుడి బూటు అంచుతో వ్యాను చుట్టూ ఇసుకంతా చదును చేసేవాడు. కళ్లాపి చల్లబోయే ముందు వాకిలి ఊడ్చినంత శ్రద్ధగా చేసేవాడు. టీ తాగి వచ్చాక ఆ చదును చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చూసుకుని, అప్పుడు ఎక్కేవాడు. అడుగుజాడలు చెరిపే అలవాటు మనిషికి ఊరికే రాదు. దొంగైనా అయి ఉండాలి, దొంగలతో సావాసమైనా ఉండాలి. ఈ మాట మా ఆయనతో అంటే, "యేసు ప్రభువే వచ్చి తలుపు తట్టినా నువ్వు ఎమిరేట్స్ ఐడీ చూపించమంటావు" అని నవ్వేశాడు. అడుగుతాను, తప్పేముంది? పిల్లల వార్డులో తొమ్మిదేళ్లు చేశాను. అక్కడికి దెబ్బలతో వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ దెబ్బ తగిలింది నమ్మినవాళ్ల చేతిలోనే. మా ఆయన పని చేసేది జెబెల్ అలీలో ఒక గోడౌన్లో. అక్కడ అట్టపెట్టెలు ఎవరినీ మోసం చేయవు.

ఆయన గతం గురించి మాకు తెలిసింది ఒక్క వాక్యం. కొట్టాయం సిస్టర్ అడిగితే, "పదకొండేండ్లు ఇజ్బల చేసిన" అన్నాడు. ఎడారిలో మేకల్నీ ఒంటెల్నీ పెంచే దొడ్లను ఇక్కడ ఇజ్బా అంటారు. తోటపని అని చెప్పి తీసుకొచ్చి మేకల దగ్గర వదిలారట. ఆ తర్వాత కఫీలే, అంటే వీసా ఇచ్చిన యజమానే, డ్రైవింగ్ లైసెన్సు ఇప్పించాడట. పదకొండేళ్లు మనుషుల్లేని చోట ఉన్నవాడి బుద్ధి ఎలా తయారై ఉంటుందో అని నా అనుమానానికి ఇంకో మెట్టు దొరికింది.

ఇక ఆ శుక్రవారం. కరోనా కాస్త తగ్గిన మరుసటి చలికాలం. మా అత్తగారు విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది, ఇంకో వారంలో వెళ్లిపోవాలి. ఆవిడ గోదావరి మధ్య లంకలో పుట్టి పెరిగిన మనిషి. ఎటు చూసినా నీళ్లూ పచ్చదనమే చూసిన కళ్లకు మా మాల్సూ మెట్రోలూ రెండో వారానికే మొహం మొత్తాయి. "ఈ దేశంలో ఒక కొండ లేదా, ఒక కాలవ లేదా? ఎంతసేపూ అద్దాల మేడలేనా?" అని పోరు పెట్టింది. తూర్పు తీరం వైపు కొండల్లో ఒక వాదీ ఉందనీ, గంట నడిస్తే నీటి మడుగులు వస్తాయనీ మా పాప క్లాసు పిల్లలు చెప్పారట. కొండల మధ్య ఎండిపోయిన వాగును ఇక్కడ వాదీ అంటారు. అంతే, ప్రయాణం ఖాయమైంది. మా ఆయన డ్రైవింగ్ టెస్టు నాలుగుసార్లు పోగొట్టుకున్న ఘనుడు కాబట్టి, అద్దె కారు తీసుకుని మా వ్యాను డ్రైవర్ని తోలమని పిలిచాడు. నాకు చెప్పింది ముందురోజు సాయంత్రం. ముందే చెబితే నేనేం అంటానో తెలుసు కదా.

తెల్లవారుజామునే బయల్దేరాం. ఎర్ర ఇసుక తిన్నెలు దాటాక నల్లటి రాతి కొండలు మొదలయ్యాయి. చెట్టన్నది లేకుండా, ఎవరో బొగ్గు కుప్పలు పోసి వదిలేసినట్టున్నాయి. అయినా మా అత్తగారు కిటికీకి ముఖం ఆనించి చిన్నపిల్లలా చూస్తూనే ఉంది. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా మా పాప కేకలు. ఆయన మాత్రం ఒక్క మాట లేకుండా తోలుతున్నాడు. నేను వెనక సీటు నుంచి ఆయన మెడనే చూస్తున్నాను.

దారిలో ఒకచోట చెప్పాపెట్టకుండా పక్క మట్టిరోడ్డులోకి తిప్పాడు. మా ఆయన్ని గిల్లాను. అరకిలోమీటరు పోయాక రేకుల దొడ్డి, ఏభై మేకలు, ఒక ముసలాయన. మనవాడు దిగి, జేబులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి ముసలాయనకిచ్చాడు. అందులో మాత్రలు. ఈ దేశంలో మందుబిళ్లలు చేతులు మారితే ఏమవుతుందో నర్సుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక ఆగలేక దిగి ఏమిటవని అడిగాను. ఆయన ఆ సంచి నా చేతిలోనే పెట్టి, "బీపీయి సిస్టరమ్మా. దవాఖాన చీటీ గూడ అండ్లనే ఉన్నది. రోజుకొక్కటా, రెండా? ఈ ముసలాయన యాదిమరుస్తడు, జర నువ్వే చెప్పు" అన్నాడు. చీటీ సరిగ్గానే ఉంది. రోజుకొకటి అని చెప్పి వచ్చి కూర్చున్నాను. చీటీ ఉందంటే మాత్రం, దారి ఎందుకు తప్పించాలి, ముందే చెప్పొచ్చు కదా అని లోపల గొణుక్కున్నాను.

తర్వాత టీ కొట్టు దగ్గర ఆపాడు. కరక్ చాయ్ వచ్చేలోపు తన అలవాటు ప్రకారం కారు పక్కన ఇసుకను చదును చేసి, మా పాపను పిలిచాడు. "బిడ్డా, ఇండ్ల కాలు పెట్టు" అన్నాడు. పాప కొత్త బూట్ల అడుగున నక్షత్రాల అచ్చు ఉంది. ఇసుకలో నక్షత్రాలు పడ్డాయి. ఆయన గొంతుక్కూర్చుని దాని మీద అరచెయ్యి ఆనించి కొలిచి, పాప చెవిలో ఏదో చెప్పాడు. పాప కిలకిలా నవ్వింది. మా ఆయన్ని పెట్టమన్నాడు, ఆయన పెట్టాడు. మా అత్తగారు కూడా, ఇదేదో జాతకం చూడటం అనుకుని, చీర కాస్త ఎత్తి పాదం మోపింది. నన్ను అడిగే ధైర్యం చేయలేదు. చేసినా నేను తారురోడ్డు దిగేదాన్ని కాదు. ఎందుకిదంతా అని అత్తగారు అడిగితే, అలవాటు అవ్వా అని ఊరుకున్నాడు.

కారెక్కాక, నీ చెవిలో ఏం చెప్పాడే అని పాపను అడిగాను. సీక్రెట్ అంది. తొమ్మిదేళ్ల పిల్లకూ ఆ మనిషికీ మధ్య సీక్రెట్. మా వార్డులో ఎన్ని కథలు ఈ మాటతో మొదలయ్యాయో నాకు తెలుసు. ఆ క్షణం నుంచి ఆ రోజు నాకు విహారం కాదు, కాపలా.

వాదీ చేరేసరికి పదయింది. అప్పటికే పది పన్నెండు కార్లు వాగు గర్భంలోనే, నీడ చూసుకుని, దర్జాగా ఆగి ఉన్నాయి. మావాడు మాత్రం పైన గుట్ట మీద ఎర్రటి ఎండలో ఆపాడు. అక్కడి నుంచి కిందికి పావుగంట నడక. మోకాళ్ల నొప్పులున్న మనిషిని పెట్టుకుని ఇదేం చోద్యమండీ, కిందికి దించండి అంటే, "గీడ్నే మంచిది" అన్నాడు. అద్దె కారు టైర్ల మీద ఉన్న ప్రేమ మా అత్తగారి మోకాళ్ల మీద లేదనుకున్నాను.

కిందికి దిగి ఖర్జూరపు తోట పక్కగా నడుస్తుంటే ఒక పిట్ట మా మీదికి రివ్వున వచ్చి అరిచింది. ఎక్కడున్నా ఆ అరుపు మరిచిపోలేం. మా అత్తగారు ఠక్కున ఆగిపోయింది. ఆదివారం ఆరాధన తప్పని మనిషే, శకునాల దగ్గర మాత్రం పాత పద్ధతే. "తీతువే. ఇక్కడా ఉందా ఈ పీనుగు పిట్ట! ఇది కూస్తే చావు కబురే. వెనక్కి పోదాం పదండర్రా" అంది.

ఆయన సాధారణంగా రెండు మాటల కన్నా ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు పిట్ట కోసం మాట్లాడాడు.

"కీడు గాదవ్వా. తీతువ గుడ్లు నేల మీదనే రాళ్లల్ల పెడ్తది. మనం అచ్చినమని దానికి బుగులు. సూడున్రి, గిప్పుడు అటు దిక్కు ఉరికి ఒర్రుతది, మనల్ని ఎంబడి గుంజుకపోతది. గుడ్లేమో గీ దిక్కుంటయి. అది అబద్ధమాడుతది గని, పాపం తల్లి గదా."

అన్నట్టే పిట్ట అవతలి ఒడ్డుకు పరిగెత్తి, రెక్క విరిగినదానిలా ఈడ్చుకుంటూ గోలగోల చేసింది. ఆయన ఇటు పక్క రాళ్లలో వేలు చూపించాడు. గులకరాళ్లలాంటి గుడ్లు మూడు. పాప ఊపిరి బిగబట్టి చూసింది. ఎవరూ ముట్టుకోకండని చెప్పి, మమ్మల్ని చుట్టు తిప్పి తీసుకెళ్లాడు.

వాగు ఒకచోట రెండుగా చీలుతుంది. కుడి పాయలో పోతే మడుగులు. ఎడమ పాయలో పాతకాలపు రాతి ఇళ్ల మొండిగోడలు. నేను ఆ చీలిక దాకా వెళ్లి, తండ్రీకూతుళ్లు కుడివైపు నడిచి మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కి వచ్చి అత్తగారి పక్కన గట్టు నీడలో కూర్చున్నాను. ఒంటిగంటకల్లా వచ్చేయమని డ్రైవరు మా ఆయనకు ముందే చెప్పి, కారు దగ్గరకు వెళ్లిపోయాడు. దూరం నుంచి గుట్ట మీద ఆయన కాలితో ఇసుక తోయడం కనిపిస్తూనే ఉంది.

పన్నెండు కాకముందే పెద్ద పెద్ద అంగలేసుకుంటూ దిగి వచ్చాడు. వచ్చి, ఎన్నడూ లేనిది, తలెత్తి దూరపు కొండల వంక చూశాడు. మా నెత్తిన ఎండ మండుతోంది. చాలా దూరంలో కొండల వెనక ఒక మసక మబ్బు ఉందంటే ఉంది. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"సిస్టరమ్మా, బిడ్డ ఎటు వోయింది?"

బిడ్డ. బిడ్డా తండ్రీ అనలేదు. మా ఆయన గురించి అడగలేదు. నాకు పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న అనుమానమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. కాళ్లు, కొలిచిన అరచెయ్యి, చెవిలో సీక్రెట్. ఇప్పుడు ఒంటరిగా పిల్ల కోసం వెతుకుతూ వచ్చాడు. నేను అతని కళ్లలోకి చూసి, ఏమాత్రం తొట్రుపడకుండా, "ఎడమవైపు, ఆ పాత ఇళ్ల దగ్గరికి. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు. వాళ్లే వచ్చేస్తారు, మీరు కారు దగ్గర ఉండండి" అన్నాను.

ఆయన ఒక క్షణం నా కాళ్ల వంక చూశాడు. "అవ్వను తోల్కోని గుట్ట మీదికి నడువున్రి, ఉండద్దు ఈడ" అని, చీలిక వైపు పరిగెత్తాడు. నీళ్లొస్తాయని అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే! ఎందుకు చెప్పలేదో తర్వాత మా ఆయన అడిగితే, మంద నడుమ అరవద్దని, అరిస్తే తలా ఒక దిక్కు ఉరుకుతాయని అన్నాడు. పదకొండేళ్ల అలవాటు. నేను మాత్రం అప్పుడు, పిల్లను కాపాడుకున్నానని గర్వంగా, మెల్లగా అత్తగారి చెయ్యి పట్టుకుని లేపాను. కారు దగ్గరకు పొమ్మంటే పోకుండా మాకు ఆర్డర్లు వేస్తున్నాడేమిటని విసుక్కున్నాను కూడా.

సగం గట్టు ఎక్కాక మా అత్తగారు నిలబడిపోయింది. తల పక్కకు వంచి వింది. నాకేం వినపడలేదు.

"అమ్మాయ్, వరదొస్తోంది."

ఎండ కాస్తుంటే వరదేంటి అత్తయ్యగారూ అన్నాను. "లంకలో పుట్టినదాన్ని, నాకు చెబుతావా? అది నీళ్ల చప్పుడే. పిల్లేదీ?" అంది. ఆవిణ్ణి పైనున్న ఒక కుటుంబం వాళ్లకు అప్పగించి, వెనక్కి చీలిక వైపు పరిగెత్తాను. దారిలో ఎవరో "వాదీ, వాదీ" అని అరుస్తూ కార్ల వైపు ఉరుకుతున్నారు.

చీలిక దగ్గర ఇసుక మెత్తగా ఉంది. నా జన్మలో మొదటిసారి నేను నేల వంక చూశాను. ఆయన పెద్ద రబ్బరు బూటు అచ్చులు ఎడమవైపు వెళ్లాయి. ఒకటి, రెండు, మూడు. పది అడుగులు వెళ్లి ఆగాయి. అక్కడ మోకాలు ఆనిన గుంట. ఆ తర్వాత వెనక్కి తిరిగాయి. కుడి పాయలో, చిన్న చిన్న నక్షత్రాల పక్కనే, దూరం దూరంగా, పరిగెత్తే మనిషి అడుగులు. జాడలు చదవడం రానిదాన్ని, నాకే అంత స్పష్టంగా అర్థమైంది. పది అడుగుల్లో నా అబద్ధం ఆయనకు తెలిసిపోయింది. ఆ పది అడుగులూ, తిరిగొచ్చిన పది అడుగులూ నా బిడ్డకు కావాల్సిన సమయంలోంచి నేను దొంగిలించినవి.

నేనూ కుడివైపు పరిగెత్తేదాన్నే. ఎవరో పఠాన్ నా భుజం పట్టి గట్టు మీదికి ఈడ్చాడు. ఆ వెంటనే మలుపు తిరిగి నీళ్లొచ్చాయి. నీళ్లనకూడదు, బురద, రాళ్లు, మొద్దులు కలిసి వచ్చాయి. నీడలో ఆగిన దర్జా కార్లలో రెండు మా కళ్ల ముందే కదిలిపోయాయి.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. మా అత్తగారు గట్టిగా ప్రార్థన చేస్తోంది. నాకు ప్రార్థన రాలేదు. దేవుడితో మాట్లాడాలంటే ముందు ఆ అబద్ధం సంగతి మాట్లాడాలి, అందుకు నోరు రాలేదు. అవతలి కొండ నడుమ మేకలు నడిచే సన్నటి జాడ ఒకటి ఉందని అప్పటిదాకా నేను గమనించలేదు. దాని మీద ముందు ఒక మనిషి కనిపించాడు, తల వంచుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ. భుజాల మీద మా పాప. వెనక చొక్కా చిరిగిపోయి మా ఆయన.

చుట్టు తిరిగి గుట్ట మీదికి వచ్చి, పాపను నా ముందు దింపాడు. దాని కాళ్లు చూసి, "ఒక బూటు వోయింది" అన్నాడు. తప్పు తనదే అన్నట్టు అన్నాడు. తర్వాత ఖలాస్ అని ఒక లవంగం నోట్లో వేసుకుని కారు తీశాడు.

తిరుగు దారిలో మా ఆయన ఉన్నట్టుండి ముందుకు వంగి అడిగాడు. "అన్నా, అక్కడ రెండు దారులున్నాయి కదా. మేం కుడివైపు వెళ్లామని నీకెలా తెలిసింది?"

నేను అద్దంలో డ్రైవరు కళ్ల కోసం చూశాను. ఆయన అద్దంలోకి కూడా చూడలేదు.

"సిస్టరమ్మ చెప్పింది" అన్నాడు.

మా ఆయన నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. మా అత్తగారు నా తల నిమిరింది. పాప నా ఒళ్లో పడుకుని, సీక్రెట్ ఇక నాకు చెప్పేయొచ్చని అనుకుందేమో, తన ఎడమ పాదం లోపలికి తిరిగి పడుతుందనీ, ఎంతమంది పిల్లల్లో కలిసినా అది చూసి తనని కనుక్కుంటానని డ్రైవరంకుల్ చెప్పాడనీ అంది. కొత్త చోటికి తోలుకుపోయే ముందు మేకలన్నిటి అడుగులూ అలాగే చూసి పెట్టుకునేవాడట. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చచ్చిపోలేదు సరికదా, ఇల్లు చేరేలోపే నా బుద్ధి మళ్లీ మొదటికొచ్చింది. ఎందుకు దాచాడు? ఊరికే ఎవరు దాస్తారు? రేపు దీనికి బదులుగా ఏం అడుగుతాడు?

రెండేళ్లు ఎదురుచూశాను. పొద్దున వ్యాను ఎక్కేటప్పుడల్లా ఈ రోజు అడుగుతాడు అనుకునేదాన్ని. అడగలేదు. ఒకసారి చేపల పులుసు చేసి తీసుకెళ్లి ఇచ్చి, ఆ రోజు వాదీలో నేను తొందరలో కుడి ఎడమా తారుమారు చేశానేమో అని గాలికి ఒక మాట వదిలాను. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. "నీ కుడి బూటు మడమ అరుగుతున్నది సిస్టరమ్మా. ఎడమ మోకాలు నొత్తున్నట్టున్నది, చూపెట్టుకో" అన్నాడు. నిజంగానే నొప్పి ఉంది. అది మాట తప్పించడమో, మన్నించడమో, నువ్వెలా నడుస్తున్నావో నాకు తెలుసులే అని చెప్పడమో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే నేను మంచి వైపు అనుకునే మనిషిని కాదు. షిఫ్టు మార్పించుకుని వేరే వ్యాను ఎక్కడం మొదలుపెట్టాను. ప్రాణం పోసిన మనిషికి ముఖం తప్పించి తిరిగాను. అయినా ముఖం చూసే మనిషైతే కదా ఆయన. ఇసుకలో నా అడుగులు చూసి, ఏ వ్యాను ఎక్కుతున్నానో, ఎటు తప్పుకుంటున్నానో అన్నీ తెలుసుకునే ఉంటాడు.

ఆయన వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరెళ్లిపోయే రోజు మలయాళీ అమ్మాయిలు కేకు కోశారు. నేను నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్నానని చెప్పించాను. లేచే ఉన్నాను.

మూడో రోజు, అంటే నిన్న సాయంత్రం, నేనే ఆ పిల్లకు ఫోన్ చేశాను. ధైర్యం వచ్చి కాదు, అనుమానంతో ఇంకో రోజు గడపలేక. పడగ్గదిలో కూర్చున్నాను. హాల్లో మా ఆయన, పాప టీవీ చూస్తున్నారు. పాపకు ఇప్పుడు పదమూడేళ్లు.

అడగమ్మా, ఏదో అడగాలన్నావు అన్నాను.

"ఏమనుకోవద్దు మేడం. మా బాపుకు రాయరాదు. లీవుల అచ్చినప్పుడల్లా ఫోన్ల పేర్లు నాతోనే టైపు చేయిస్తుండె. అందరియి మంచిగనే ఉన్నయి. కొట్టాయం సిస్టరు, టీ కొట్టు సేటు, గట్ల. మీ నంబరుకు మాత్రం తీతువ సిస్టర్ అని పెట్టుమన్నడు. గా పిట్ట పేరు ఎవ్వలకన్న పెడతరా బాపూ, తిట్టు లెక్క ఉంటది అన్న. తిట్టు గాదు బిడ్డా, గట్లనే ఉండనియ్యి అన్నడు. ఎందుకో చెప్పలే. ఇగ అడుగుదామంటె మనిషి లేడు. మా బాపు ఎవ్వల్నీ ఒక మాట అనెటోడు గాదు మేడం. మిమ్మల్నెందుకు గట్ల అన్నడో నాకు తెలుసుకోవాలనున్నది."

ఖర్జూరపు తోట, గులకరాళ్లలాంటి మూడు గుడ్లు, అటు పరిగెత్తి అరిచిన పిట్ట కనిపించాయి. అది అబద్ధమాడుతది గని, పాపం తల్లి గదా. పది అడుగులు వెళ్లి, మోకాలు ఆనించి, వెనక్కి తిరిగేలోపే ఆయన నన్ను అర్థం చేసుకోవడం, వదిలేయడం రెండూ అయిపోయాయి. నేను తనని ఏమని అనుమానించానో తెలిసి కూడా కోపం తెచ్చుకోలేదు. నేనేమో ఏం అడుగుతాడో, ఎవరికి చెబుతాడో అని నాలుగేళ్లు ఆయనకు కాపలా కాశాను. పోయాడని విన్నాక మూడో రోజుకు నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అవతల ఆ పిల్ల కంగారుపడి, మేడం, మేడం అంటోంది.

గది తలుపు సగం తెరిచే ఉంది. వేద్దామని లేచాను. గడియ మీద చెయ్యి వేసి, తీసేశాను. హాల్లోకి వినపడేంత గట్టిగానే మాట్లాడాను.

"మీ నాన్న నన్ను తిట్టలేదమ్మా. నేనే ఆయన్ని తప్పుగా అనుకున్నాను. మా పాప ఎటు వెళ్లిందని ఆ రోజు ఆయన అడిగితే, కావాలని అబద్ధం చెప్పాను."

హాల్లో టీవీ శబ్దం తగ్గింది.